పిల్లలు సొంతంగా రాయాలంటే తరగతి గదిలో ఏం చేయాలి

మూడో తరగతి పిల్లాడి తెలుగు నోటుపుస్తకం తీసి చూడండి. పాఠం మొత్తం గుండ్రటి అక్షరాలతో ఎక్కించి ఉంటుంది, ప్రశ్నలూ జవాబులూ ఉంటాయి, ప్రతి పేజీ కింద మీ సంతకం ఉంటుంది. అదే పిల్లాణ్ని పిలిచి “నిన్న బడి వదిలాక ఏం చేశావో నాలుగు ముక్కలు రాయి” అనండి. పెన్సిల్ చెక్కుకుంటూ కాసేపు గడుపుతాడు, పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తాడు, చివరికి “బోర్డు మీద రాయండి సార్, చూసి రాస్తాం” అంటాడు. బడిలో చేరిన నాటి నుంచి మనం వాడి చేత చేయించిన పని చూసి రాయడమే మరి, అందులో వాడు ఆరితేరాడు.

చిన్న తరగతుల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చేయాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది, అదే పని కోసం 2022లో తెలంగాణలో తొలిమెట్టు వచ్చింది. వాటి లక్ష్యాల్లో రాయడం కూడా ఉంది గానీ, గదిలోకి వచ్చేసరికి ధ్యాసంతా పేరా చదువుతున్నాడా, తీసివేతలు చేస్తున్నాడా అన్నదాని మీదకే పోతుంది. పెద్ద తరగతుల పాఠ్యపుస్తకాల్లో “వ్యక్తీకరణ–సృజనాత్మకత” అని ఒక భాగమే ఉన్నా, దాన్ని కూడా గైడు చూసి ఎక్కించేసే బడులు ఎన్నో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ చెప్పేది మూడు నుంచి ఏడు తరగతుల దాకా పనికొస్తుంది. ఖర్చు పెద్దగా లేదు. రోజుకు ఇరవై నిమిషాలు కావాలి, కాకపోతే అవి రోజూ కావాలి. వారానికోసారి రెండు పీరియడ్లు కలిపి రాయిస్తే ఏమీ రాదు.

ముందు ఎవరెక్కడున్నారో చూసుకోండి

ఒక రోజు తెల్లకాగితాలు పంచి పది నిమిషాలు ఇవ్వండి. “మీ ఇంట్లో ఎవరికి కోపం ఎక్కువ, ఎందుకొస్తుంది” లాంటి ప్రశ్న వేయండి, పిల్లలు నవ్వుకుంటూ రాసేది ఏదైనా సరే. సాయం చేయొద్దు. అక్షరం అడిగినా “నీకెలా వినబడితే అలా రాయి” అని ఊరుకోండి. తర్వాత ఆ కాగితాలకు మార్కులు వేయకుండా మూడు కట్టలు చేయండి. అక్షరాలే ఇంకా కుదరనివాళ్లు ఒక కట్ట, తప్పులున్నా ఏం చెప్తున్నారో తెలుస్తున్నవాళ్లు ఇంకో కట్ట, ఒక్క తప్పూ లేకుండా రాసి అందులో చెప్పిందేమీ లేనివాళ్లు మూడోది.

ఈ మూడో కట్ట దగ్గరే మనం మోసపోతాం. “కోపం మంచిది కాదు. మా ఇంట్లో అందరూ ప్రేమగా ఉంటారు. తల్లిదండ్రులు దైవంతో సమానం” అని రాసిన పిల్ల క్లాసు ఫస్టు కాబట్టి ఆమెకు రాయడం వచ్చేసిందనుకుంటాం. నానమ్మ బీడీకట్ట దాచేస్తే తాత అన్నం తినకుండా ఎలా అలిగాడో తప్పుల తడకగా రాసిన పిల్లాడు నిజానికి ఆమెకన్నా చాలా ముందున్నాడు. వాడికి కావలసింది వత్తులూ దీర్ఘాలూ, అవి నేర్పొచ్చు. ఆ పిల్లకి కావలసింది ధైర్యం, అది ఇంకాస్త కష్టం.

కాగితాల మీద తేదీ వేసి దాచండి. రెండు నెలలకోసారి ఇలాగే మళ్లీ రాయించి పాతదాని పక్కన పెట్టండి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల రిజిస్టర్ కంటే ఇవే ఎక్కువ మాట్లాడతాయి.

సరంజామా

ప్రతి పిల్లకీ విడిగా ఒక పుస్తకం ఉండాలి. పాఠాల నోటుపుస్తకం వేరు, ఇది వేరు. సన్నటిదైనా చాలు, అట్ట మీద వాళ్లకిష్టమైన పేరు పెట్టుకోనివ్వండి. గోడకి పాత క్యాలెండర్లు తిరగేసి తగిలించి, వెనకవైపు మాటల పట్టికలు రాయించండి. అక్షరక్రమంలో కాకుండా విషయాలవారీగా పెట్టండి: పొలం పనుల మాటలు, వంటింటి మాటలు, సంతలో వినబడేవి, భయం వేసినప్పుడు వాడేవి. కొత్త మాట ఎవరు తెస్తే వాళ్ల చేతే ఎక్కించాలి. “గుబులు” అనే మాట ఎవరైనా తెస్తే ఆ వారమంతా క్లాసులో అందరికీ గుబులే పుడుతుంది, పుట్టనివ్వండి.

నాలుగైదు తరగతులకు కూడా పలకలు ఉంచండి. పలక మీద రాసినది చెరిపేయొచ్చు కాబట్టి పిల్లలకి టెన్షన్ ఉండదు, మొదటి ప్రయత్నం దాని మీదే చేయిస్తే వాక్యం మార్చుకోవడం అలవాటవుతుంది. ఇవి కాక ఒక తీగ, కొన్ని బట్టల క్లిప్పులు, చీటీలు వేయడానికి ఒక డబ్బా ఉంటే చాలు.

రాసేవాళ్లు చదవాలి కూడా. బడి లైబ్రరీ బీరువా తాళం హెడ్మాస్టర్ దగ్గర ఉంటే ముందు ఆ తాళం సంగతి చూడండి. పుస్తకాలు చాలకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ 2015 నుంచి ఉంది, అందులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. వాటితో ఒక పని బాగా జరుగుతుంది: రాత కనబడకుండా కాగితం అడ్డుపెట్టి బొమ్మలు మాత్రమే చూపించి కథ వాళ్లనే రాయమనండి, తర్వాత అసలు కథ చదివి వినిపించండి. తమ కథే బాగుందని కనీసం సగం మంది వాదిస్తారు.

రాసేముందు నోటితో చెప్పించండి

“మా ఊరు” అని అంశం ఇస్తే ముప్పై మందీ ఒకటే వ్యాసం రాస్తారు: మా ఊరు అందమైనది, చుట్టూ పచ్చని పొలాలు ఉన్నాయి. ఊరు మొత్తం ఎవరికీ పేజీలో పట్టదు. అంశాన్ని కుదించండి. మా ఊళ్లో బస్సు ఆగే చోటు. కరెంటు పోయిన రాత్రి. నేను మొదటిసారి ఒంటరిగా కొట్టుకెళ్లి సరుకులు తెచ్చినరోజు. మా వీధి కుక్క. మధ్యాహ్న భోజనం వరుసలో తోపులాట. చిన్న అంశమైతే పిల్లలకి చెప్పడానికి ఎక్కువ దొరుకుతుంది.

అంశం చెప్పగానే పుస్తకాలు తీయమనకండి. ఐదు నిమిషాలు మాట్లాడించండి. నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పటి సంగతి అనుకుందాం. “ఏం జరుగుతుంది?” అని అడిగితే “నీళ్లు పట్టుకుంటాం టీచర్” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ప్రశ్న దగ్గరకు తేవాలి.

“ట్యాంకర్ రాగానే ముందు కేకేసేది ఎవరు?”
“మా పెద్దమ్మ టీచర్.”
“ఏమని?”
“ట్యాంకరొచ్చిందే, బిందెలు తేండే అని.”
“అప్పుడు నువ్వేం చేస్తున్నావు?”
“తల దువ్వించుకుంటున్నా. సగం జడతోనే పరుగెత్తా.”

ఇదిగో, ఈ సగం జడ దొరకడం కోసమే మాట్లాడించడం. వెంటనే “అది రాయి, అదే మాట రాయి” అనండి. చాలామంది పిల్లలకి నోటితో చెప్పినది రాయొచ్చని తెలియదు, రాతంటే పుస్తకంలో ఉండే మాటలే అనుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు చెప్తే టైము సరిపోదు కాబట్టి ఇద్దరు చెప్పాక మిగతావాళ్లని జతలుగా కూర్చోబెట్టి ఒకరికొకరు చెప్పుకోమనండి. గోల అవుతుంది. పక్క క్లాసు టీచర్‌కి ముందే చెప్పిపెట్టుకోండి.

బోర్డు మీద మీరు రాయండి, తర్వాత చెరిపేయండి

పెద్దవాళ్లు రాస్తూ తడబడడం, కొట్టేయడం, మళ్లీ రాయడం పిల్లలు ఎప్పుడూ చూడరు. మనం బోర్డు మీద రాసేవన్నీ ముందే తయారైనవే. అందుకని వారంలో రెండు రోజులైనా అప్పటికప్పుడు ఆలోచించి, పైకి మాట్లాడుతూ రాయండి. “ట్యాంకర్ వచ్చింది. అందరూ వచ్చారు” అని రాసి ఆగండి. “అందరూ వచ్చారంటే నాకేమీ కనబడట్లేదు, ఎలా వచ్చారు?” అని మీరే అడగండి. పిల్లలు చెప్తారు. రెండో వాక్యం కొట్టేసి “హారన్ వినగానే ఎవరి బిందె వాళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు” అని రాయండి. కొట్టేసింది చెరపకుండా అలాగే ఉంచండి, మారిందేమిటో వాళ్లకి కనబడాలి.

ఇక వాళ్లు రాసే సమయానికి బోర్డు మొత్తం చెరిపేయాలి. ఇది చాలామంది మర్చిపోయే సంగతి. ఉంచితే ముప్పై పుస్తకాల్లో ముప్పై ట్యాంకర్లు, ముప్పై హారన్లు వస్తాయి. కావాలంటే కష్టమైన మాటలు నాలుగైదు ఒక మూల వదిలేయండి.

వాళ్లు రాసే పన్నెండు నిమిషాలు

షరతులు కొన్నే పెట్టండి గానీ గట్టిగా పెట్టండి. రబ్బరు వాడకూడదు, తప్పనిపిస్తే ఒక గీత కొట్టి పక్కన రాసుకోవాలి. అక్షరం సందేహంగా ఉంటే తోచినట్టు రాసి కింద గీత గీసుకుని ముందుకు పోవాలి. “ఈ మాటకి ఏ శ రావాలి సార్” అంటూ లేచి రావడం ఉండదు. మొదటి వారం ఇది పిల్లలకంటే మనకే కష్టం, ఎందుకంటే “షంకర్” అని రాస్తుంటే చూస్తూ చేయి ఆపుకోవాలి.

ఆ సమయంలో మీరు బల్లల మధ్య తిరగొద్దు. మొదటి ఐదు నిమిషాలు మీరు కూడా కూర్చుని రాయండి. తర్వాత అసలు మొదలుపెట్టనివాళ్ల దగ్గరికి వెళ్లి “ఏం రాద్దామనుకున్నావు, నాకు చెప్పు” అనండి. చెప్పిన మొదటి వాక్యం వాళ్ల చేతే రాయించి వచ్చేయండి. రెండు వాక్యాలు రాసి “అయిపోయింది” అనే వాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లని తిట్టకుండా ఒక్క ప్రశ్న అడిగి వదిలేయండి. చివరి మూడు నిమిషాలు ఇద్దరు ముగ్గురు పైకి చదవాలి. విన్నవాళ్లు “బాగుంది” అనడానికి వీల్లేదు, తమకు గుర్తుండిపోయిన మాట ఒకటి చెప్పాలి.

దిద్దడం

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నాలుగో తరగతి పిల్లాడు ఇలా రాశాడనుకోండి:

“మా మేక పిల పుటింది. అది తెలగా ఉంది. మా నాన ఎతుకునాడు.”

ఎర్ర పెన్ను పట్టుకుంటే ఆరు సున్నాలు చుట్టాలి. పిల్ల, పుట్టింది, తెల్లగా, నాన్న, ఎత్తుకున్నాడులో రెండు. పిల్లాడికి ఆ పేజీ చూడగానే తనకి తెలుగు రాదని ఖాయమైపోతుంది. కానీ ఇంకోసారి చూడండి, ఆరూ ఒకటే తప్పు. వీడికి గుణింతాలు వచ్చు, సున్న ఎక్కడ పెట్టాలో తెలుసు, వాక్యం ఎక్కడ ఆపాలో తెలుసు, దీర్ఘాలు కూడా సరిగ్గానే ఇచ్చాడు. రానిది ఒక్క వత్తే. అందుకే ఎన్ని తప్పులున్నాయని లెక్కపెట్టడం మానేసి, ఎన్ని రకాల తప్పులున్నాయో చూడండి.

తర్వాత ఏం చేయాలంటే, పేజీ కింద ముందు విషయం గురించి ఒక మాట రాయండి, “దానికేం పేరు పెట్టారు?” అని. ఎర్ర సిరా వద్దు, పెన్సిల్ చాలు. తప్పుల్లో ఒక్క మాట మాత్రం, “పిల్ల” అని, సరిగ్గా రాసి చూపించి, ఇలాంటివే ఇంకో ఐదు ఉన్నాయి, వెతికి పట్టుకోమని చెప్పండి. మర్నాడు ఇలా వత్తులు వదిలేసే వాళ్లందరినీ ఓ పక్కన కూర్చోబెట్టి పది నిమిషాలు దాని మీదే పనిచేయండి. గద–గద్ద, గుడి–గుడ్డి, కల–కల్ల ఇలా జంటలు పలికించి, నొక్కి పలికినచోట చప్పట్లు కొట్టించండి. చెవికి తేడా తెలిశాక చేతికి తెలియడం సులువు. ఇంకొకటి, చాలా వత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసి చిన్నగా రాసినట్టే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరంలా కనబడవు. పిల్లలు తరచుగా వదిలేసేవీ ఇవే, మన మాటల్లో ఎక్కువగా వచ్చేవీ ఇవే. ఈ ఆరింటినీ విడిగా అట్టముక్కల మీద రాసి వారం పాటు ఆడించండి.

మిగతా తప్పులకి కూడా వరస పెట్టుకోండి. ముందు దీర్ఘాలు, వత్తులు. తర్వాత ల–ళ, న–ణ. ఖ, ఘ, భ లాంటి మహాప్రాణాలు, శ–ష–స ఆఖరున. “బాష” అని రాసిన మూడో తరగతి పిల్ల మీద పెద్ద కేసు పెట్టక్కర్లేదు, చదువుతున్న కొద్దీ కంటికి అలవాటై చాలావరకు సర్దుకుంటాయి.

యాస సంగతి వేరే. నిజామాబాద్ పిల్లాడు “పోయిండు” అని, శ్రీకాకుళం పిల్ల “ఎల్లిపోనాడు” అని, సీమ పిల్లాడు “పోయినాడు” అని రాస్తే వాటిని తప్పుల లెక్కలో వేయకండి. మొదటి ప్రతిలో ఉండనివ్వండి, మనుషులు మాట్లాడిన మాటల్లోనైతే చివరిదాకా ఉండనివ్వండి. పరీక్షకు ఎలా రాయాలో ఆరో తరగతి నుంచి విడిగా చెప్పొచ్చు, పిల్లలు ఆ తేడా ఇట్టే పట్టుకుంటారు.

ముప్పై పుస్తకాలు రోజూ దిద్దాలంటే కుదరదు, దిద్దకండి. రోజుకు ఆరు చూడండి, వారానికి అందరివీ అవుతాయి. పుస్తకంలో ఎర్రగీతలు లేవు, టీచర్ చూడట్లేదని ఇంటి నుంచి ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. అందుకే మొదటి పేజీలోనే ఒక చీటీ అంటించండి: “ఇది మీ పాప సొంతంగా రాసే పుస్తకం. తప్పులు ఒక్కో రకం చొప్పున సరిచేస్తాం. దయచేసి ఇంట్లో దిద్దవద్దు, పైకి చదివించి వినండి.” హెడ్మాస్టర్‌కి కూడా అదే చూపించండి.

పొడి వాక్యాలకు ప్రాణం పోయడం

రెండు నెలలు గడిచాక పిల్లలు పేజీ నింపుతారు గానీ వాక్యాలు విడివిడిగా ఉంటాయి. “మేక వచ్చింది. ఆకులు తిన్నది. పారిపోయింది.” అప్పుడు కలపడం నేర్పండి. మూడు చీటీల మీద మూడు వాక్యాలు రాసిచ్చి ఒక్క వాక్యం చేయమనండి: “మేక వచ్చి ఆకులు తిని పారిపోయింది.” మర్నాడు “ఆకులు తింటూ”, ఆ మర్నాడు “ఆకులు తిన్న మేక”, తర్వాత “తింటుంటే”, “తిన్నా కూడా”. వ్యాకరణం పేర్లు చెప్పకండి, “వచ్చి”, “తిని” లాంటివాటికి క్త్వార్థకం అని పేరు పెట్టగానే సగం మంది భయపడతారు. చేతితో మార్చి చూసుకుంటే చాలు. “ఆ తర్వాత”, “అప్పుడు” అని ప్రతి వాక్యానికీ తగిలించే జబ్బు కూడా దీనితోనే పోతుంది.

పెంచడానికి ఇంకో పద్ధతి ఉంది. రాసినదాన్ని జతగాడికి ఇచ్చి మూడు ప్రశ్నలు రాయమనండి. “ఏ చెట్టు ఆకులు?”, “ఎవరు తరిమారు?” ఇలాంటివి. రాసినవాళ్లు వాటికి జవాబులు సరైన చోట చొప్పించి మళ్లీ రాయాలి. అన్నీ మళ్లీ రాయించకండి, నెలకొకటి, అదీ వాళ్లకు నచ్చినదే.

ఎవరో ఒకరు చదవాలి

టీచర్ ఒక్కరే చదివే రాతను ఎవరు మాత్రం మనసుపెట్టి రాస్తారు? తీగ మీద క్లిప్పులతో వేలాడదీయండి. నెలకొక గోడపత్రిక పెట్టండి, మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట పెడితే అందరూ నిలబడి చదువుతారు. సాయంత్రం నోటీసులు, రేపటి భోజనం మెనూ బోర్డు, ఒకటో తరగతికి చదివిపెట్టే కథలు పెద్ద పిల్లల చేత రాయించండి. వీధి కుళాయి కారుతుంటే సర్పంచ్‌కి అర్జీ రాయించి పిల్లలనే తీసుకెళ్లి ఇప్పించండి. ఊరు మారిపోయిన స్నేహితురాలికి నిజమైన పోస్టుకార్డు రాసి డబ్బాలో వేయించండి. లేఖారచన పాఠం మూడు పీరియడ్లు చెప్పినా అర్థం కానిది, జవాబు వచ్చిన రోజున అర్థమవుతుంది.

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పెద్దవాళ్లు రాసిచ్చిన ఉపన్యాసం పిల్లలు బట్టీపట్టి అప్పచెప్తారు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి పేరు మీద ఇదేం పని? ఆ రోజు పిల్లల సొంత రాతలే చదివించండి.

అక్షరాలు రానివాళ్లు, ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లు

మొదటి కట్ట పిల్లల్ని వర్ణమాల మొదటి నుంచి తిప్పొద్దు. వల, తల, జడ, పలక, పడవ, గడప లాంటి గుణింతం లేని మాటలతో మొదలుపెట్టి, వాళ్లు బొమ్మ వేసి చెప్పిన వాక్యాన్ని మీరు దాని కింద రాయండి. ఆ వాక్యంలోని ఒక మాటను వాళ్లు రాస్తే ఆ రోజుకు చాలు. మూడు నాలుగు తరగతులు కలిపి చెప్పే బడుల్లో ఈ పని ఐదో తరగతి పిల్లలకి అప్పగించండి, ఇద్దరికీ లాభమే.

గోండి, కోయ, సవర, లంబాడీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు మాట్లాడే దశలోనే వెనకబడిపోతారు, కారణం వాళ్లకి చెప్పడానికి లేక కాదు, తెలుగులో మాట దొరకక. ముందు వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. రెండు భాషలూ వచ్చిన పిల్లల పక్కన కూర్చోబెట్టండి. తెలుగు మాట దొరకనిచోట తమ మాటనే తెలుగు అక్షరాల్లో రాయనివ్వండి. గిడుగు వారు సవర నేర్చుకుని ఆ పిల్లల కోసం సవరలోనే పాఠాలు రాశారని గుర్తుంచుకుంటే ఇందులో వింతేమీ కనబడదు. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలతో ఇంగ్లిష్ మీడియం చదివే పిల్లలకీ ఇదే పద్ధతి: తెలుగులో చెప్పుకున్నాకే ఇంగ్లిష్‌లో రాయాలి.

దసరా, సంక్రాంతి సెలవులకి

“పాఠాలు రెండేసిసార్లు రాసుకురండి” అని చెప్పకండి, చివరి రోజు రాత్రి అక్క రాసిపెడుతుంది. ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ ఇవ్వండి. అమ్మమ్మని అడిగి అరిసెల పాకం ఎలా పట్టాలో రాసుకురా. మీ వీధిలో ముగ్గులు వేసేవాళ్లలో ఎవరి ముగ్గు బాగుంది, ఎందుకు? బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకున్నారు? కోడిపుంజును ఎలా పెంచుతారో మామయ్యని అడుగు. ఒక పేజీ చాలు. సెలవులయ్యాక మొదటి రెండు రోజులు పాఠం తెరవకుండా ఇవే చదివించుకోండి. రాయకుండా వచ్చినవాళ్లని నిలబెట్టొద్దు, వెనక బల్ల దగ్గర కూర్చుని అప్పుడే రాయమనండి. మిగతావాళ్లు చదువుతున్నవి వింటూ రాస్తారు కాబట్టి ఒక్కోసారి వాళ్లవే బాగుంటాయి.